రికార్డు ఫోన్లోకొచ్చింది.. నాణ్యత లెక్క ఎప్పుడు?

మీ ఇంట్లో బీరువా పైనో, మంచం కిందో ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు ఉండే ఉంటుంది. అందులో నాన్నగారి షుగరు రిపోర్టులు, అమ్మ మోకాలి ఎక్స్‌రే, అక్షరాలు వెలిసిపోయిన ఈసీజీ కాగితం, ఎవరి చేతిరాతో గుర్తుపట్టలేని మందుల చీటీలు. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లే ప్రతిసారీ ఆ కవరును చంకలో పెట్టుకుని వెళ్తారు. డాక్టరు గారు పైనున్న రెండు కాగితాలు తిరగేసి ‘ఇవి పాతవి, మళ్లీ చేయిద్దాం’ అంటారు. మీరు తలూపి ల్యాబ్ ముందు వరుసలో నిలబడతారు.

ఆ కవరు ఇప్పుడు మెల్లగా ఫోన్లోకి మారుతోంది. ఆసుపత్రి ఓపీ కౌంటర్ దగ్గర గోడకు అంటించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి టోకెన్ తీసుకోవడం చాలామందికి అలవాటైంది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ‘ఆభా’ ఖాతాలు దేశంలో 70 కోట్లు దాటాయి. రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీలు ఆ నంబరుకు జతవుతున్నాయి. మంచి మార్పే. కాగితం పోతుందన్న భయం తగ్గుతుంది. హైదరాబాద్‌లో తీసిన రిపోర్టు విజయవాడ డాక్టరుకు కనిపించే వీలుంటుంది.

అయితే ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇన్ని రికార్డులు పోగయ్యాక, నాన్నగారికి అందుతున్న వైద్యం బాగుందో లేదో అవి మీకు చెప్పగలవా? ఆయన వెళ్లే క్లినిక్‌లో షుగరు రోగుల్లో ఎంతమందికి అది అదుపులో ఉంది? పక్క వీధిలోని క్లినిక్‌లో ఎంతమందికి? అమ్మకు మోకాలి ఆపరేషన్ చేయిద్దామనుకుంటున్న ఆసుపత్రిలో ఎంతమందికి ఇన్‌ఫెక్షన్ వస్తోంది?

ఫ్రిజ్ కొనేటప్పుడు దాని మీద ఎన్ని నక్షత్రాలున్నాయో చూస్తాం. ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు మాత్రం పక్కింటివాళ్లను అడుగుతాం, హోర్డింగ్ చూస్తాం, బంధువుల్లో ఎవరైనా డాక్టరుంటే ఫోన్ చేస్తాం. లక్షల రూపాయల ఖర్చు, అంతకంటే విలువైన ప్రాణం.. రెండూ నోటిమాట మీదే ఆధారపడుతున్నాయి. రికార్డులు డిజిటల్ కావడంతోనే ఈ పరిస్థితి మారదు. ఎందుకు మారదో, మారాలంటే ఏం కావాలో తెలుసుకుంటే.. రేపు ఆసుపత్రినీ, ప్రభుత్వాన్నీ ఏమడగాలో మీకు తెలుస్తుంది.

పీడీఎఫ్ అంటే ఫొటోనే

ల్యాబ్ నుంచి వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను మీరు చదవగలరు. కంప్యూటర్‌కు మాత్రం అది దాదాపు ఫొటోలాంటిది. ‘ఈ రోగికి ఏడాదిలో షుగరు ఎన్నిసార్లు పరీక్షించారు? పెరిగిందా, తగ్గిందా?’ అని అడిగితే నికరమైన జవాబు చెప్పలేదు. అందులో ఏ అంకె షుగరుది, ఏది కొలెస్ట్రాల్‌ది, ఏ తేదీ రక్తం తీసినది, ఏ తేదీ రిపోర్టు ఇచ్చినది అనే విడివిడి గుర్తులు దానికి అందవు.

విచిత్రం ఏమిటంటే ఆ అంకె పుట్టింది కంప్యూటర్‌లోనే. రక్తం పరీక్షించే యంత్రం దాన్ని నేరుగా సాఫ్ట్‌వేర్‌కు పంపుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని అందమైన లెటర్‌హెడ్ మీద పెట్టి పీడీఎఫ్‌గా మారుస్తుంది. ఆ పీడీఎఫ్ ఇంకో ఆసుపత్రికి వెళ్లాక అక్కడి నర్సో, జూనియర్ డాక్టరో అదే అంకెను చూసి మళ్లీ చేత్తో కేస్ షీట్‌లో రాస్తారు. అంటే మొదట డేటాగా ఉన్నదాన్ని మనమే బొమ్మగా మార్చి, తర్వాత మళ్లీ డేటాగా మార్చడానికి తంటాలు పడుతున్నాం. మధ్యలో 1.2 కాస్తా 12 అయితే అడిగేవారు లేరు.

యూపీఐని చూడండి. మీరు ఫోన్‌పే వాడతారు, కూరగాయల బండి ఆయన గూగుల్ పే వాడతాడు. మీ బ్యాంకు వేరు, ఆయన బ్యాంకు వేరు. అయినా డబ్బు క్షణంలో చేరుతుంది. అన్ని బ్యాంకులూ ఒకే పద్ధతిలో సందేశం పంపుకోవాలని ఒప్పుకోవడమే దీనికి కారణం. ఆరోగ్య సమాచారానికీ అలాంటి ఒప్పందమే కావాలి. కాకపోతే ఇక్కడ చిక్కు ఎక్కువ. ఏ బ్యాంకులోనైనా రూపాయి రూపాయే. ల్యాబ్‌లో అలా కాదు.

ఒకే పరీక్ష.. ఎన్ని పేర్లు!

పరగడుపున చేసే షుగరు పరీక్షను ఒక ల్యాబ్ ‘ఎఫ్‌బీఎస్’ అని రాస్తుంది. ఇంకోటి ‘ఫాస్టింగ్ గ్లూకోజ్’ అంటుంది. మరోటి ‘ప్లాస్మా గ్లూకోజ్ - ఎఫ్’ అని వేస్తుంది. మీకూ డాక్టరుకూ మూడూ ఒకటేనని తెలుసు. కంప్యూటర్‌కు అవి మూడు వేర్వేరు పరీక్షలు.

కొలిచే ప్రమాణాలు కూడా వేరుగా ఉంటాయి. మూడు నెలల సగటు షుగరును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను మన దగ్గర శాతంలో ఇస్తారు. బ్రిటన్‌లో మరో కొలతలో ఇస్తారు. మన 7 శాతం అక్కడ 53. పిల్లల దగ్గరికి లండన్ వెళ్లి అక్కడ పరీక్ష చేయించుకున్న తల్లిదండ్రులు రిపోర్టులో 53 చూసి గుండెలు బాదుకోవాల్సిన పనిలేదు. కానీ రెండు దేశాల రిపోర్టులనూ కొలత చూడకుండా ఒకే వరుసలో పెడితే 7 పక్కన 53 వచ్చి కూర్చుంటుంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్‌తోనూ ఇదే ఇబ్బంది. మన 1 ఆ దేశంలో సుమారు 88.

దీనికి మందు చాలా కాలం కిందటే కనిపెట్టారు. ప్రపంచంలో ఎక్కడ చేసినా ఒక పరీక్షకు ఒకే కోడ్ ఉండేలా అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో ఉన్న రీగన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్ 1994లో ఒక జాబితా మొదలుపెట్టింది. పేరు ‘లాయింక్’. అందులో హెచ్‌బీఏ1సీ కోడ్ 4548-4. ల్యాబ్ దాన్ని ఏ పేరుతో పిలిచినా పక్కన ఈ కోడ్, కొలత ప్రమాణం ఉంటే ఏ కంప్యూటరైనా గుర్తుపడుతుంది. జబ్బుల పేర్లు, లక్షణాలు, చికిత్సల కోసం ‘స్నోమెడ్ సీటీ’ అనే మరో పెద్ద పదకోశం ఉంది. మన దేశం 2014లో అందులో సభ్యత్వం తీసుకుంది. అప్పటి నుంచి దేశంలో దాన్ని ఉచితంగా వాడుకోవచ్చు.

ఇక ఈ కోడ్‌లతో కూడిన సమాచారాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి మోసుకెళ్లే ‘కవరు’ కావాలి. దాని పేరు ఎఫ్‌హెచ్‌ఐఆర్. ‘ఫైర్’ అని పలుకుతారు. ఆస్ట్రేలియాకు చెందిన గ్రాహమ్ గ్రీవ్ 2011లో దీనికి రూపమిచ్చారు. 1987 నుంచి ఇలాంటి ప్రమాణాలు తయారుచేస్తున్న హెచ్‌ఎల్7 అనే సంస్థ దీన్ని నడుపుతోంది. రోగి, పరీక్ష, మందు, టీకా.. ఇలా ఒక్కో అంశానికీ ఒక అచ్చు ఉంటుంది. అందరూ అదే అచ్చులో నింపి పంపుకుంటారు. మన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కూడా దీన్నే ఎంచుకుంది.

లవం తెలిస్తే చాలదు, హారం కావాలి

సరే, కోడ్‌లున్నాయి, కవరుంది. ఇప్పుడు నాణ్యతను లెక్కించడం ఎలా? ఒక ఉదాహరణ చూద్దాం. ఇది కేవలం అర్థం కావడానికి వేసిన లెక్క.

మీ ఊళ్లో రెండు క్లినిక్‌లున్నాయి. రెండింటిలోనూ 100 మంది చొప్పున షుగరు రోగులున్నారు. మొదటి క్లినిక్‌లో ఈ ఏడాది హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకున్నవారు 60 మంది. వారిలో 48 మందికి 9 లోపే ఉంది. అంటే 80 శాతం. రెండో క్లినిక్‌లో 95 మందికి పరీక్ష చేశారు. 70 మందికి 9 లోపు ఉంది. అంటే దాదాపు 74 శాతం. ఏ క్లినిక్ మంచిది? బోర్డు మీద రాసుకుంటే మొదటిదే.

చిన్నప్పుడు లెక్కల్లో చదువుకున్న లవం, హారం గుర్తుచేసుకోండి. పరీక్షకు రానివారిని కూడా హారంలో ఉంచి లెక్కిస్తే మొదటి క్లినిక్‌లో 100కు 48 మందే అదుపులో ఉన్నట్టు. రెండో చోట 100కు 70. మొదటి క్లినిక్ తన రోగుల్లో 40 మంది ఏమయ్యారో చూసుకోలేదు. ఆ 40 మందిలో రేపు ఎవరి కాలికి పుండు పడుతుందో, ఎవరి కిడ్నీ దెబ్బతింటుందో తెలియదు. నిజానికి ప్రమాదం ఎక్కువగా ఉండేది కనిపించకుండా పోయిన ఇలాంటివారికే.

అమెరికా ప్రభుత్వ బీమా పథకం మెడికేర్ వాడే షుగరు కొలమానం సరిగ్గా ఇక్కడే గట్టిగా ఉంటుంది. 18 నుంచి 75 ఏళ్ల మధ్య షుగరు ఉన్నవారందరినీ హారంలోకి తీసుకుంటుంది. ఏడాదిలో చివరి పరీక్షలో 9 శాతం దాటితే ‘అదుపు తప్పింది’ అని లెక్క. పరీక్షే చేయకపోయినా ‘అదుపు తప్పింది’ అనే లెక్క. అవసాన దశలో ఉపశమన చికిత్స పొందుతున్నవారిని మినహాయిస్తుంది. అంటే ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి, ఎవరిని వదలాలి, ఏ రిపోర్టు చూడాలి అన్నది ముందే రాసిపెట్టిన సూత్రం. ప్రతి సాఫ్ట్‌వేర్ అదే సూత్రాన్ని అమలు చేయాలి. అలాగైతేనే రెండు ఆసుపత్రులను పక్కపక్కన పెట్టి చూడటానికి అర్థం ఉంటుంది.

ఇది ఈనాటి కోరిక కాదు. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ముందుకు ఫ్లోరెన్స్ నైటింగేల్ ఇదే ప్రతిపాదన తెచ్చారు. అన్ని ఆసుపత్రులూ ఒకే నమూనా పట్టికలో, ఒకే జబ్బుల పేర్లతో లెక్కలు ఇవ్వాలన్నారు. దీపం పట్టుకున్న నర్సుగానే ఆమె మనకు పరిచయం. లెక్కల పుస్తకం పట్టుకున్న ఆమెను మరిచిపోయాం.

అమెరికా దారిలో మెట్లు, గుంతలు

ఈ విషయంలో ఎక్కువ దూరం నడిచింది, ఎక్కువ దెబ్బలు తిన్నది అమెరికానే. 2009లో అక్కడ ఒక చట్టం చేసి, ఎలక్ట్రానిక్ రికార్డులు పెట్టుకున్న డాక్టర్లకు, ఆసుపత్రులకు ప్రోత్సాహకాలిచ్చారు. డబ్బు రావాలంటే కంప్యూటర్ కొంటే చాలదు, దాన్ని ‘అర్థవంతంగా’ వాడాలన్నారు. అందులో భాగంగానే చికిత్స నాణ్యత అంకెలను ఎలక్ట్రానిక్‌గా పంపాలన్న షరతు వచ్చింది.

పంపడానికి ‘క్యూఆర్‌డీఏ’ అనే ప్రమాణం తెచ్చారు. అందులో ఒక రకం పత్రంలో ఒక్కో రోగి వివరాలు ఉంటాయి. మరో రకంలో పేర్లేవీ లేకుండా మొత్తం లెక్క మాత్రమే ఉంటుంది. ఇప్పుడు దాని నుంచి మెల్లగా ఎఫ్‌హెచ్‌ఐఆర్ వైపు మళ్లుతున్నారు.

ఇంకో తెలివైన పని కూడా చేశారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ‘మా లెక్క సరైనదే’ అంటే నమ్మేయలేదు. ‘సైప్రస్’ అనే పరీక్షా సాధనం తయారుచేయించారు. అది లేని రోగులను సృష్టిస్తుంది. వయసు, జబ్బు, పరీక్షల తేదీలు అన్నీ కల్పితం. కావాలనే కొన్ని చిక్కుముళ్లు కూడా పెడుతుంది. ఆ రోగులను సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, ‘ఇప్పుడు లెక్క చెప్పు’ అంటుంది. ముందే తెలిసిన జవాబుతో సరిపోతేనే సర్టిఫికెట్. తూకంలో మోసం జరగకుండా కొట్లో తూనిక రాళ్లకు ముద్ర వేస్తారు చూడండి, అలాంటిదే. నిజమైన రోగుల వివరాలు ఎవరి కంటా పడకుండానే తూకం సరిచూసే పద్ధతి ఇది.

ఫలితంగా, డాలస్‌లో ఉన్న మీ అబ్బాయి ఒక ఆసుపత్రి పేరు కొట్టి, దాని నక్షత్రాల రేటింగ్, ఇన్‌ఫెక్షన్లు, డిశ్చార్జి తర్వాత మళ్లీ చేరినవారి లెక్కలు మెడికేర్ వారి ‘కేర్ కంపేర్’లో చూడగలడు. అందులోని అంకెలన్నీ ఈ ఎలక్ట్రానిక్ దారిలోనే రావు. బీమా క్లెయిముల నుంచి, రోగులను అడిగిన సర్వేల నుంచీ వస్తాయి. అయినా పోల్చి చూసే అవకాశం ఉంది.

మరి దెబ్బలు? మొదటిది, పని భారం. 2016లో ‘హెల్త్ అఫైర్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, నాణ్యత అంకెలు సిద్ధం చేయడానికి ఒక్కో డాక్టరుకు ఏడాదికి 785 గంటలు పడుతున్నాయి. డాక్టరు సమయం, సిబ్బంది సమయం కలిపి చెప్పిన లెక్క ఇది. రోగిని చూడాల్సిన చూపు కీబోర్డు మీదికి వెళ్లింది. రికార్డులోంచి దానంతట అదే రావాల్సిన అంకెను మనిషి కూర్చుని నింపడం వల్ల వచ్చిన తిప్పలివి.

రెండోది ఇంకా ముఖ్యం. న్యుమోనియా రోగికి ఆసుపత్రికి వచ్చిన 4 గంటల్లోపు యాంటీబయోటిక్ ఇవ్వాలని ఒక కొలమానం పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ గడియారం చూసి మార్కులేస్తామనేసరికి, అది న్యుమోనియానో కాదో తేలకముందే దగ్గుతో వచ్చినవారికి మందు పడిపోవడం మొదలైంది. తర్వాత గడువును 6 గంటలకు పెంచారు. చివరికి ఆ కొలమానాన్నే ఎత్తేశారు. ర్యాంకుల కోసం చదివించే కాలేజీల సంగతి మనకు కొత్త కాదు. మార్కులు దేనికి వేస్తే బోధన దానికే పరిమితమవుతుంది. వైద్యమూ అంతే.

మూడోది, పోలికలో న్యాయం. జిల్లా పెద్దాసుపత్రికి చివరి నిమిషంలో వచ్చే రోగులు వేరు, నడుచుకుంటూ వచ్చి కార్పొరేట్ ఆసుపత్రిలో చేరే రోగులు వేరు. రెండుచోట్లా మరణాల శాతాన్ని మాత్రమే పోలిస్తే పెద్దాసుపత్రికి అన్యాయం జరుగుతుంది. ఇంకా ఘోరం ఏమిటంటే మంచి అంకె కోసం విషమించిన రోగులను చేర్చుకోవడమే మానేసే ప్రమాదం ఉంది. రోగి వయసు, ఇతర జబ్బులు, వచ్చేనాటి పరిస్థితి లెక్కలోకి తీసుకుని సర్దుబాటు చేసిన అంకెలనే బయటపెట్టాలి.

మనం ఎక్కడున్నాం?

నిబంధనల విషయంలో మనం వెనకబడిలేం. ఎలక్ట్రానిక్ రికార్డుల ప్రమాణాలను కేంద్ర ఆరోగ్య శాఖ 2013లోనే ప్రకటించింది. 2016లో సవరించింది. లాయింక్, స్నోమెడ్ రెండూ అందులో ఉన్నాయి. పుణెలోని సీ-డాక్‌లో దీనికోసం ఒక జాతీయ కేంద్రమే ఉంది. డిజిటల్ మిషన్‌ను 2020 ఆగస్టు 15న ప్రకటించి, 6 కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా నడిపి, 2021 సెప్టెంబరు 27న దేశమంతా ప్రారంభించారు.

తేడా వస్తున్నది దేనికి డబ్బు ఇస్తున్నామన్న దగ్గర. 2023 జనవరిలో మొదలైన డిజిటల్ ఆరోగ్య ప్రోత్సాహక పథకం కింద ఆసుపత్రులు, ల్యాబ్‌లు, సాఫ్ట్‌వేర్ సంస్థలు 4 కోట్ల రూపాయల వరకు పొందే వీలు కల్పించారు. ఆభాకు జతచేసిన రికార్డుల సంఖ్యే దానికి కొలబద్ద. ఎన్ని జతచేశారన్నది లెక్క. లోపల ఉన్నది కోడ్‌లతో కూడిన సమాచారమా, స్కాన్ చేసిన కాగితమా అన్నది తర్వాతి సంగతి. మన వ్యవస్థలో ఎఫ్‌హెచ్‌ఐఆర్ కవరులో పీడీఎఫ్‌ను పెట్టి పంపే వెసులుబాటు ఉంది. తొలి రోజుల్లో అది అవసరమే. అది లేకపోతే చిన్న ఆసుపత్రులు గడప దాటి లోపలికి రాలేవు. కానీ ఆ వెసులుబాటు శాశ్వతమైతే మన ప్లాస్టిక్ కవరు ఫోన్లోకి మారినట్టే. కవరు కవరుగానే ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో 2007 నుంచి ఆరోగ్యశ్రీ నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. ఇన్నేళ్లుగా జరిగిన శస్త్రచికిత్సల క్లెయిములు పెద్ద నిధి. అయితే క్లెయిము స్వభావమే వేరు. ఏ ఆపరేషన్ చేశారు, ఎంత చెల్లించారు అన్నది అది చెబుతుంది. ఆ మనిషి 6 నెలల తర్వాత మెట్లెక్కగలిగాడా, మళ్లీ ఇంకో ఆసుపత్రిలో చేరాడా అన్నది చెప్పడానికి దాన్ని రూపొందించలేదు. అలాగే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు బోర్డు చూస్తే ఆ ఆసుపత్రి కొన్ని ప్రమాణాలు పాటిస్తోందని తెలుస్తుంది. అమ్మ మోకాలి ఆపరేషన్‌లో ఇన్‌ఫెక్షన్ రేటు ఎంతో ఆ బోర్డు చెప్పదు.

మరి మనకు చేతకాదా? చేతవుతుందని చూపిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2017 నవంబరులో మొదలైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి 5 రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో ప్రధానంగా చూసేది ఒక్క అంకె. నమోదైన బీపీ రోగుల్లో చివరిసారి చూసినప్పుడు 140/90 లోపు ఉన్నవారు ఎంతమంది? రానివారు అదుపులో ఉన్నట్టు కాదు. కొన్ని రాష్ట్రాల్లో నర్సులు ‘సింపుల్’ అనే మొబైల్ యాప్‌లో బీపీ అంకె, మందులు నమోదు చేస్తే చాలు. ఏ ఆరోగ్య కేంద్రంలో ఎంతమంది అదుపులో ఉన్నారు, ఎవరు రావడం మానేశారు అన్నది దానంతట అదే కనిపిస్తుంది. రానివారికి ఫోన్ చేస్తారు. ఈ కార్యక్రమానికి 2022లో ఐక్యరాజ్యసమితి పురస్కారం కూడా దక్కింది.

ఇదే దారిని పెద్దది చేయాలి. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం లెక్కన దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్ల పైమాటే. కాబట్టి అన్నిటినీ ఒకేసారి కొలవాలని కూర్చోకుండా షుగరు, బీపీ, ఆపరేషన్ తర్వాత ఇన్‌ఫెక్షన్, 30 రోజుల్లో మళ్లీ చేరడం.. ఇలా నాలుగైదు కొలమానాలతో మొదలుపెడితే చాలు. కోడ్‌ల పని ల్యాబ్‌ల నుంచి మొదలవ్వాలి. అంకె అక్కడ ఎలాగూ డేటాగానే పుడుతోంది. పీడీఎఫ్‌తో పాటు ఆ అంకెను, కోడ్‌ను, కొలతను కూడా పంపిన ల్యాబ్‌కే ప్రోత్సాహకంలో ఎక్కువ వాటా ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ లెక్కను కల్పిత రోగులతో సరిచూసే పరీక్ష మనకూ ఉండాలి. డాక్టర్లతో కొత్త ఫారాలు నింపించే పని మాత్రం పెట్టకూడదు.

గోప్యత మాటేమిటి?

‘మా ఇంటి జబ్బులు ఊరందరికీ తెలుస్తాయా?’ అన్న సందేహం న్యాయమైనదే. రెండు విషయాలు వేరుచేసి చూడండి. మీ రికార్డు ఒక డాక్టరు నుంచి ఇంకో డాక్టరుకు వెళ్లాలంటే మీ అనుమతి కావాలి. ఆభాలో ఆ అనుమతి ఏ రికార్డులకు, ఏ తేదీల మధ్యవాటికి, ఎంతకాలం అన్నది మీరే నిర్ణయించవచ్చు, తర్వాత వెనక్కి తీసుకోవచ్చు. అసలు ఆభా తీసుకోవడమే స్వచ్ఛందం. రికార్డులు కూడా ఒకే చోట కుప్పగా ఉండవు, ఎక్కడ పుట్టినవి అక్కడే ఉంటాయి.

నాణ్యత లెక్కకు మీ పేరుతో పనిలేదు. ఆసుపత్రి లోపలే లెక్కించి ‘100లో 70’ అన్న ఫలితాన్ని మాత్రమే బయటికి పంపవచ్చు. అందులోనూ సంఖ్య చాలా చిన్నదైతే మనిషిని గుర్తుపట్టే వీలుంటుంది. ఊళ్లో ఫలానా జబ్బు ఇద్దరికే ఉంటే వాళ్లెవరో చెప్పనక్కర్లేదు కదా! అందుకే అమెరికాలో మెడికేర్ 11 కంటే తక్కువ మంది ఉన్న అంకెను బయటపెట్టదు. 2023లో వచ్చిన మన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నీడలో ఇలాంటి స్పష్టమైన గీతలు ఆరోగ్య సమాచారానికీ గీయాలి.

ఈలోగా మీరు చేయగలిగినవి

* ఆభా ఉంటే ఒకసారి తెరిచి, జతయిన రికార్డులు మీవేనా చూసుకోండి. ఇంట్లో అందరికీ ఒకే ఫోన్ నంబరు ఇస్తే నాన్నగారి రిపోర్టు అబ్బాయి ఖాతాలో చేరే అవకాశం ఉంటుంది. తప్పుంటే రిపోర్టు ఇచ్చినచోటే సరిచేయించండి.

* షుగరు, బీపీ, క్రియాటినిన్ లాంటి ముఖ్యమైన అంకెలను తేదీ, కొలత ప్రమాణంతో సహా ఒక నోటు పుస్తకంలో వరుసగా రాసుకోండి. వీలైనంత వరకు ఒకే ల్యాబ్‌లో చేయించండి. విదేశాల్లో చేయించిన రిపోర్టయితే అంకె కన్నా ముందు దాని పక్కనున్న కొలత చూడండి.

* డిశ్చార్జి సమ్మరీ తీసుకునేటప్పుడు జబ్బు పేరు, చేసిన చికిత్స, మందుల జనరిక్ పేర్లు, మోతాదు స్పష్టంగా ఉన్నాయా చూసుకోండి. అర్థం కానిది అక్కడే అడగండి. ఇంటికొచ్చాక అడగడం కష్టం.

* అనుమతి అడిగిన ప్రతిసారీ ‘సరే’ నొక్కేయకండి. ఎవరు అడుగుతున్నారు, దేనికి, ఎన్ని రోజులకు అన్నది చదవండి.

* ముందుగా నిర్ణయించుకున్న ఆపరేషన్ అయితే సర్జన్‌ను మర్యాదగానే అడగండి. ‘డాక్టరు గారూ, ఇది మీ దగ్గర ఏడాదికి ఎన్ని జరుగుతాయి? ఎంతమందికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది? నెలలోపు మళ్లీ చేరినవాళ్లు ఎంతమంది?’ మంచి ఆసుపత్రి ఈ ప్రశ్నకు నొచ్చుకోదు. జవాబులో శాతం చెబితే ‘ఎంతమందిలో?’ అని హారం కూడా అడగండి.

* కాగితాల కవరును ఇప్పుడే పారేయకండి. పాత ఈసీజీలు వెలిసిపోకముందే ఫొటో తీసి పెట్టుకోండి.

వచ్చే నెల నాన్నగారిని చెకప్‌కు తీసుకెళ్లినప్పుడు ఈ ప్రశ్నల్లో ఒక్కటైనా అడిగి చూడండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. చాలా చోట్ల ఆ అంకె ఆసుపత్రి దగ్గరే ఉండకపోవచ్చు కూడా. పదిమంది రోగులు పదిసార్లు అడిగితే మాత్రం లెక్క రాసుకోవడం మొదలవుతుంది. మీ నాన్నగారు చెకప్‌కు రావడం మానేస్తే ఆ క్లినిక్ నుంచి ఫోన్ వచ్చే రోజు అలాగే వస్తుంది.